కారవాజ్జో ముసలాయన్ని నూనె రంగుల్లో తిరిగి వేయడం ఎలా?

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం వైపు బొమ్మలు నేర్చుకునే పిల్లల చేతికి గీత సులువుగా వస్తుంది. చుట్టూ ఉన్నదే ఆ విద్య. ఒడిశా సంప్రదాయ చిత్రకళ పటచిత్రంలో రంగులన్నీ నింపాక ఆఖరున వేసే సన్నటి నల్ల గీతే బొమ్మను నిలబెడుతుంది. అలాంటి చేతికి బరోక్ (యూరప్ చిత్రకళలో ఒక శైలి) చిత్రం నకలు వేయమని పని ఇస్తే ఏం చేస్తుంది? ముందు మొహం చుట్టూ అవుట్‌లైన్ గీస్తుంది, తర్వాత లోపల రంగు నింపుతుంది. పోలిక వచ్చేస్తుంది కానీ మనిషి మాత్రం అట్టముక్క కత్తిరించి అంటించినట్టు ఉంటాడు. 17వ శతాబ్దపు ఈ చిత్రాల్లో మనిషి సగం చీకట్లో ఉంటాడు. ఆ సగానికి గీతే ఉండదు. ఉన్న గీతను ఎక్కడ వదిలేయాలో తెలుసుకోవడానికే ఈ అభ్యాసం. పోలిక గురించి తర్వాత చూసుకోవచ్చు.

ఏ బొమ్మ ఎంచుకోవాలి

ఆ కాలపు చిత్రకారుడు రూబెన్స్ వేసిన గుంపులు, గుర్రాల జోలికి మొదటిసారే పోకండి. ఒక్క మనిషి, ఒకే వైపు నుంచి వెలుగు, నాలుగైదు రంగులు. అలాంటి బొమ్మ కావాలి. నన్నడిగితే ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1605–06 ప్రాంతంలో వేసిన సెయింట్ జెరోమ్‌ని తీసుకోమంటాను. అసలు చిత్రం రోమ్‌లోని బోర్గీస్ గ్యాలరీలో ఉంది. జెరోమ్ బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన పండితుడు. బొమ్మలో కుడివైపున, పుస్తకం మీదకి వంగి ఉంటాడు. బట్టతల, తెల్లగడ్డం, ఒంటి చుట్టూ ఎర్రటి వస్త్రం. కలం పట్టుకున్న చెయ్యి బల్ల మీదుగా ఎడమవైపుకు బారుగా చాచి ఉంటుంది. ఆ చివర పుస్తకం మీద ఒక పుర్రె, అక్కడే బల్ల అంచు నుంచి జారిన తెల్లగుడ్డ. మిగిలిందంతా చీకటే.

ముసలాయన్నే ఎందుకు అంటే, పడుచు మొహంలో కంటి చివర కాస్త పక్కకు జరిగినా చూసేవాళ్లు పట్టేస్తారు. ముడతల మొహం అంత కఠినంగా ఉండదు. పైగా చర్మం కింద ఎముక, నరం ఎక్కడున్నాయో కనబడుతుంది కాబట్టి వెలుగు ఎందుకు అక్కడే విరిగిందో అర్థమవుతుంది. నీలం రంగు అవసరం దాదాపు లేదు. ట్యూబులు తక్కువ కొనచ్చు.

నెట్‌లో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ఇదే పేరుతో కారవాజ్జో వేసిన ఇంకో చిత్రం మాల్టాలోని వాలెట్టా చర్చిలో ఉంది. బల్ల మీద శిలువ, కొవ్వొత్తి, కింద కుడి మూలలో వంశచిహ్నం కనిపిస్తే అది మాల్టాది. అదీ మంచిదే, కానీ కొలతలు వేరు, కూర్పు వేరు. ఈ వ్యాసంలో చెప్పినవి దానికి సరిపోవు.

ఇంకో సంగతి. మన ఇళ్లల్లో పుర్రె బొమ్మ అంటే పెద్దవాళ్లు ఊరుకోరు. పుర్రె తీసేసి వేద్దామా అనుకోకండి. ఆ బట్టతల, ఈ పుర్రె రెండూ ఒకే ఆకారం, వాటి మధ్య చెయ్యి ఒక వంతెన. పుర్రె తీస్తే చెయ్యి ఎటు పోతోందో తెలియదు. మొదలుపెట్టే ముందే ఇంట్లో చెప్పి ఒప్పించండి. లేదంటే హాస్టల్లోనో కాలేజీలోనో వేసుకోండి. సగం అయ్యాక గొడవ వస్తే బొమ్మ అటకెక్కుతుంది.

కొలత, ప్రింటు

అసలు చిత్రం 112 సెంటీమీటర్ల ఎత్తు, 157 సెంటీమీటర్ల వెడల్పు. సగానికి తగ్గించి 56 × 78.5లో వేయండి. ఇది అంగుళాల్లో దాదాపు 22 × 31 వస్తుంది, వడ్రంగికి చెప్పడం తేలిక. షాపులో దొరికే 24 × 36 కాన్వాస్ మీద వేస్తే నిష్పత్తి మారి పక్కన ఖాళీ మిగులుతుంది, అప్పుడు ఆ ముసలాయన్ని మీకు తెలియకుండానే సాగదీస్తారు. అసలు కొలతలో నకలు వేయకపోవడం పెద్ద మ్యూజియాల్లోనూ ఆనవాయితీ. పారిస్ లూవ్ర్‌లో కూర్చుని నకలు వేసేవాళ్లను అసలు సైజులో వేయనివ్వరు.

ప్రింటు ఏ3 కాగితం మీద తీయించండి. ఏ3 అంటే 29.7 × 42 సెంటీమీటర్లు. బొమ్మను అందులో 28 × 39.25గా పెట్టమనండి. అది అసలు దానిలో నాలుగో వంతు. అంటే ప్రింటు మీద ఒక సెంటీమీటరు మీ గుడ్డ (కాన్వాస్) మీద రెండు సెంటీమీటర్లు. లెక్క తలలో అయిపోతుంది. మెరిసే కాగితం వద్దు, మ్యాట్ కాగితం మీద తీయించండి. ఫైలు మ్యూజియం వాళ్లు పెట్టినదైతే మేలు. వేర్వేరు చోట్ల దొరికేవి ఒకటి పచ్చగా, ఒకటి నారింజగా, ఒకటి చీకట్లో కూడా అన్నీ కనిపించేంత తెల్లగా ఉంటాయి. మూడు నాలుగు పక్కపక్కన పెట్టి చూసుకుని, నీడలు నల్లగా ఉన్నదాన్ని తీసుకోండి.

అదే ఫైలును బ్లాక్ అండ్ వైట్‌లో ఇంకో ప్రింటు తీయించండి. నిజానికి మీరు ఎక్కువగా చూడబోయేది ఈ రెండోదాన్నే. రంగు తప్పినా బొమ్మ బతుకుతుంది, వెలుగునీడల మెట్లు తప్పితే బతకదు.

సామాన్లు

రంగులు: టైటానియం వైట్ పెద్ద ట్యూబు, యెల్లో ఓకర్, రా అంబర్, బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెన్నా, వర్మిలియన్, క్రిమ్సన్, ఐవరీ బ్లాక్. మన షాపుల్లో దొరికే క్యామెల్ రంగులు ఈ అభ్యాసానికి చాలు. ఆ రోజుల్లో వాళ్లు వాడింది సీసపు తెలుపు. అది విషం, ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు. వర్మిలియన్ కథ మాత్రం మనకు దగ్గరిది. ఇటలీ చిత్రకారులు వాడిన వర్మిలియన్, మన పటచిత్రకారులు నూరుకునే హింగులం ఒకే పదార్థం, పాదరసం గంధకం కలిసినది. ఇప్పుడు ట్యూబులో 'హ్యూ' అని రాసి అమ్మేది దానికి బదులుగా చేసిన రంగు. దాంతో ఇబ్బంది లేదు.

కుంచెల్లో పందివెంట్రుకల ఫ్లాట్‌లు మూడు, 4, 8, 12 నంబర్లవి. మొహానికి మెత్తటి ఫిల్బర్ట్ (కొన గుండ్రంగా ఉండే చదును కుంచె) ఒకటి, గడ్డానికి చిన్న రౌండ్ ఒకటి. ప్యాలెట్ నైఫ్ తప్పనిసరి. లిన్‌సీడ్ ఆయిల్, టర్పెంటైన్ ఆర్టిస్టులకు అమ్మేవే కొనండి. కిరోసిన్‌తో పల్చన చేయడం మన దగ్గర పాత అలవాటు, మానేయండి. అది జిడ్డు మిగిల్చి పై పొరను పట్టనివ్వదు. వంటింటి వేరుశనగ నూనె, ఆవనూనె అసలే వద్దు, అవి ఆరి గట్టిపడవు.

బరంపురంలో దొరకని ట్యూబు కోసం ఆన్‌లైన్ ఉంది. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకు విశాఖ రైలూ ఉంది. అయితే ఒక్క రంగు దొరకలేదని పని ఆపుకోవద్దు. బర్న్ట్ సియెన్నా లేకపోతే లైట్ రెడ్‌లో కాస్త ఓకర్ కలిపి నడిపించేయచ్చు. టైటానియం వైట్, రా అంబర్ లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

రంగు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పారేయకండి. లిన్‌సీడ్ ఆయిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆ పనిలో వేడి పుడుతుంది. ముద్దగా ఉన్న గుడ్డల్లో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకోవచ్చు. నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి, లేదా విడివిడిగా ఆరేసి పారేయండి.

గుడ్డకు రంగు పట్టించడం

గుడ్డ బిగించే చెక్కచట్రం, అంటే స్ట్రెచర్ ఫ్రేము చేయించేటప్పుడు లోపలి అంచును కొంచెం వాలుగా చెక్కమనండి. లేకపోతే చెక్క గీత గుడ్డ మీద అచ్చు పడుతుంది. కాటన్ కాన్వాస్ బిగించి, అక్రిలిక్ జెస్సో (రంగు పట్టడానికి ముందు వేసే తెల్ల పూత) రెండు మూడు పూతలు వేసి, ఒక్కోటి ఆరాక సన్నటి సాండ్‌పేపర్‌తో రుద్దండి. పటచిత్రానికి చింతగింజల జిగురు, సుద్ద పూసే పద్ధతి మీకు వచ్చి ఉండచ్చు. ఇక్కడ పనికిరాదు. ఆ పూత నూనెను పీల్చేస్తుంది, బిగించిన గుడ్డ మీద పగులుతుంది కూడా. గోడలకు పూసే పుట్టీ, డిస్టెంపర్ గురించి ఆలోచించనే వద్దు.

ఇప్పుడు అసలు పని. ఆ తెల్లటి గుడ్డను గోధుమ రంగు చేసేయాలి. అక్రిలిక్ రా అంబర్‌లో కొంచెం బర్న్ట్ సియెన్నా కలిపి, పల్చటి మజ్జిగంత నీళ్లగా చేసి, పెద్ద కుంచెతో రెండుసార్లు పూయండి. గంటలో ఆరిపోతుంది. అక్రిలిక్ మీద నూనె రంగు వేయచ్చు, నూనె మీద అక్రిలిక్ వేయకూడదు.

కారవాజ్జో కూడా ముదురు గోధుమ పూత మీదే పనిచేశాడు. చాలాచోట్ల వెలుగుకీ నీడకీ మధ్య ఆ పూతను అలాగే వదిలేశాడు. మన వైపు వాళ్లకు ఇది కొత్తగా అనిపించాల్సిన పని లేదు. రాయగడ, గజపతి కొండల్లో సవరలు ఇడితల్ వేసేది ఎర్రమట్టి అలికిన గోడ మీద తెల్లపిండితోనే. నేల ముదురుగా ఉంటే మీరు వేయాల్సింది వెలుగు ఒక్కటే, నీడ ముందే అక్కడ ఉంది. తెల్లగుడ్డ మీద మొదలుపెట్టినవాడు సగం రోజులు ఆ తెలుపును చంపడానికే ఖర్చుపెడతాడు.

గీయడం

ప్రింటు మీద 4 సెంటీమీటర్ల గడులు గీయండి. నిలువున సరిగ్గా ఏడు వస్తాయి, అడ్డంగా తొమ్మిది, చివర కొంచెం తక్కువగా పదోది. గుడ్డ మీద 8 సెంటీమీటర్ల గడులు. పెన్సిల్ వద్దు. వడ్రంగులు చేసినట్టు దారానికి సుద్దపొడి రాసి, రెండు వైపులా బిగించి ఒకసారి లాగి వదలండి. సన్నటి తెల్ల గీత పడుతుంది, తర్వాత పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

గీసేది కూడా సుద్దముక్కతోనే. మొదట రెండు గుండ్రాలు పెట్టండి, కుడివైపు తల, ఎడమవైపు పుర్రె. రెండింటి మధ్య దూరం కొలిచి చూసుకోండి. వాటి మధ్య చెయ్యి వాలు ఎంతో చూడండి. తర్వాత ఎర్ర వస్త్రం మొత్తాన్ని ఒకే పెద్ద ఆకారంగా పెట్టండి, మడతలు ఇప్పుడు వద్దు. కళ్లు, ముక్కు, వేళ్లు అసలే వద్దు. అన్నీ కుదిరాయనిపిస్తే గుడ్డను తలకిందులు చేసి, ప్రింటునూ తలకిందులు చేసి చూడండి. చెయ్యి పొడుగైపోయి ఉంటే అప్పుడే తెలుస్తుంది. చాలామందికి అదే తప్పుతుంది, ఎందుకంటే చాచిన చేతిని మన మనసు ఇంకొంచెం చాస్తుంది.

కారవాజ్జో కాగితం మీద గీసుకున్న బొమ్మలంటూ నిక్కచ్చిగా ఆయనవేనని చెప్పగలిగినవి మిగల్లేదు. మోడల్‌ను ఎదురుగా పెట్టుకుని గుడ్డ మీదే పని మొదలుపెట్టేవాడు. తడిపూతలో కుంచె వెనక మొనతో గీరిన గాట్లు ఆయన చిత్రాల్లో చాలాచోట్ల కనిపిస్తాయి. చెవి, మోచెయ్యి లాంటి చోట్లకు గుర్తులన్నమాట. మీరూ అలాగే చేయచ్చు. పల్చటి రా అంబర్‌తో సుద్ద గీతల మీద ఒకసారి తిరగేసి, ఆరకముందే చెవి పైన, మోచేతి దగ్గర, పుర్రె అంచున ఒక్కో గాటు పెట్టుకోండి. తర్వాత పొరల్లో అన్నీ మునిగిపోయినా అవి దొరుకుతాయి.

చీకటి ముందు

రా అంబర్‌ను టర్పెంటైన్‌తో పల్చన చేసి నీడలన్నీ ఒకే ముద్దగా వేసేయండి. నేపథ్యం, బల్ల కింద భాగం, వస్త్రం నీడ, వీపు చీకట్లో కలిసే చోటు అన్నీ ఒకటే నీడ. ఇది వస్త్రం, ఇది గోడ అని వేరు చేయకండి. కుంచె ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువులోకి ఆగకుండా వెళ్లాలి. తర్వాత వెలుగు పడే చోట్ల పాత బనియన్ గుడ్డతో తుడవండి. నుదురు, భుజం, చెయ్యి, పుర్రె, తెల్లగుడ్డ. తుడిచిన కొద్దీ కింద గోధుమ పూత బయటికొస్తుంది. సన్నటి చోట్లకు చెవిలో పెట్టుకునే కాటన్ బడ్స్ వాడండి. ఈ పొరలో తెలుపు ఒక్క చుక్క కూడా వద్దు.

ఈ దశలో గదిలోకి ఎవరొచ్చినా "ఏటిది, గుడ్డంతా మసి పూసీసినావేటి?" అంటారు. అననివ్వండి. కళ్లు చికిలించి పది అడుగుల దూరం నుంచి చూస్తే మనిషి కూర్చున్నట్టు తెలిస్తే చాలు.

ఇక్కడ తొందరపడితే మిగతా అంతా తప్పుతుంది. బ్లాక్ అండ్ వైట్ ప్రింటు పక్కన పెట్టుకుని ఐదు మెట్లు మాత్రమే లెక్కపెట్టండి: పూర్తి చీకటి, నీడ, నడిమి, వెలుగు, మెరుపు. ప్రతి చోటూ ఈ ఐదింటిలో ఏదో ఒకటి కావాలి. ఆరోది కనిపిస్తోందంటే మీరు మరీ దగ్గరికెళ్లి చూస్తున్నారు. పూర్తి చీకటి బొమ్మలో సగం కంటే ఎక్కువ ఉందని, మెరుపు అరచెయ్యంత కూడా లేదని అప్పుడు తెలుస్తుంది.

పొర ఆరే రోజుల్లో ఖాళీగా ఉండకండి. ఇంట్లో తాతనో, నాన్ననో కూర్చోబెట్టి, కిటికీలన్నీ మూసి, ఒక్క దీపం ఎత్తులో ఒక పక్కన పెట్టి, చెయ్యి చాచి పెన్ను పట్టుకోమనండి. కారవాజ్జో జీవితం రాసిన బెల్లోరి 1672లో ఇదే చెప్పాడు, చీకటి గదిలో మోడల్‌ను కూర్చోబెట్టి పైన ఒక దీపం పెట్టేవాడని. బొగ్గుతో ఆ చెయ్యి ఒక్కటే గీసి చూడండి. ప్రింటులో అర్థంకాని మోచేతి మడత అప్పుడు విడిపోతుంది. పుర్రె కోసం కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అడగండి.

తెలుపు, బూడిద

అంబర్ పొర ముట్టుకుంటే వేలికి అంటనప్పుడు రెండో పొర. టైటానియం వైట్, రా అంబర్, చిటికెడు నలుపు. వీటితో వెలుగు పడే చోట్ల మాత్రమే, రంగు లేకుండా, రాతి విగ్రహంలా మోడలింగ్ చేయండి. నీడలోకి ఈ తెలుపు పోకూడదు. నీడలోకి తెలుపు పోయిందంటే అది సుద్దలా తేలుతుంది, బరోక్ అక్కడితో సరి.

వెలుగులో రంగు మందంగా, నీడలో పల్చగా. ఇది ఈ కాలపు చిత్రాలన్నిటికీ పనికొచ్చే సూత్రం. నుదుటి మీద కుంచె గుర్తు కనబడాలి. బల్ల కింద గుడ్డ నేత కనబడాలి.

చర్మం

వెలుగు చర్మానికి తెలుపు, ఓకర్, చిటికెడు వర్మిలియన్. టైటానియం తెలుపు సీసపు తెలుపు కంటే చల్లగా, గట్టిగా కప్పేస్తుంది కాబట్టి ఓకర్ మీరనుకున్నదానికంటే కాస్త ఎక్కువే పడుతుంది. నీడ చర్మానికి బర్న్ట్ సియెన్నా, రా అంబర్, తెలుపు లేకుండా. ఈ రెండింటి మధ్య వచ్చే బూడిద నీలం మెరుపు చూసి చాలామంది నీలం ట్యూబు కోసం పరుగెడతారు. అవసరం లేదు. లేత రంగును ముదురు పూత మీద పల్చగా, పొడి కుంచెతో రాస్తే అది దానంతట అదే చల్లగా, కాస్త నీలంగా కనిపిస్తుంది. గోధుమ నేల వేసుకున్నందుకు ఇక్కడ ఫలితం దక్కుతుంది. కణత దగ్గర, ముంజేతి లోపలి వైపు ఇది చేసి చూడండి.

ఎరుపు ఎక్కడ పెరగాలో గుర్తుపెట్టుకోండి: చెవి, ముక్కు కొన, మోచెయ్యి, వేళ్ల కణుపులు. మిగతా చోట పసుపు, బూడిద ఎక్కువ. ముసలి మనిషి చేతికి మొహం కంటే ఎండ రంగు ఎక్కువ ఉంటుంది, భుజం తెల్లగా ఉంటుంది.

రంగు మీద అనుమానం వస్తే ప్యాలెట్ నైఫ్ కొనకు ఆ రంగు రాసి ప్రింటుకు ఆనించి చూడండి. కళ్లతో ఊహించేకంటే ఇది వేయి రెట్లు నయం. ప్రింటు మీద పారదర్శక షీటు కప్పుకుంటే తుడుచుకోవచ్చు. గుడ్డ, ప్రింటు రెండూ ఒకే వెలుగులో ఉండాలి. పగలైతే ఉత్తరం కిటికీ, రాత్రైతే తెల్ల ఎల్‌ఈడీ. పసుపు బల్బు కింద కలిపిన చర్మం పొద్దున్న చూస్తే కామెర్లొచ్చినట్టు ఉంటుంది.

గడ్డాన్ని వెంట్రుక వెంట్రుకగా వేయకండి. మొత్తం ముద్ద బూడిదగా పెట్టి, తడి ఉండగానే వెలుగు వైపు నాలుగైదు గట్టి గీతలు లాగితే సరిపోతుంది. మెత్తటి కుంచెతో అంతా నున్నగా రాసి కలపాలన్న కోరికను కూడా అణచుకోండి. ఈ పెయింటింగులో వెలుగు నుంచి నీడకు మారే చోటు చాలా ఇరుకు. దాన్ని నున్నగా చేస్తే క్యాలెండర్ బొమ్మ అవుతుంది.

ఎర్ర వస్త్రం, తెల్లగుడ్డ

వస్త్రం బొమ్మలో పెద్ద వాటా తీసుకుంటుంది, అయినా పని చెప్పినంత కష్టం కాదు. వెలుగుకు వర్మిలియన్‌లో ఓకర్, నడిమికి ఉత్త వర్మిలియన్‌లో కొద్దిగా బర్న్ట్ సియెన్నా, నీడకు క్రిమ్సన్, బర్న్ట్ అంబర్. వెలుగు పెంచడానికి తెలుపు పోయకండి, గులాబీ అయిపోతుంది. ఆరాక క్రిమ్సన్‌లో లిన్‌సీడ్, టర్పెంటైన్ కలిపి గాజులా పల్చగా నడిమి మీద, నీడ మీద ఒక గ్లేజ్ వేయండి. లోతు ఒక్కసారిగా వస్తుంది. ట్యూబు మీద వెలుగుకు నిలుస్తుందో లేదో గుర్తు ఉంటుంది. క్రిమ్సన్ కొనేటప్పుడు అది చూడండి, కొన్ని ఏళ్లలోనే వెలిసిపోతాయి.

మడతలు అర్థం కాకపోతే ఇంట్లో గుడ్డ వేలాడదీసి చూడండి, అయితే బరంపురం పట్టు తీయకండి. పట్టు మీద మెరుపు సన్నగా, పదునుగా విరుగుతుంది. బొమ్మలోది బరువైన, మెరుపు లేని గుడ్డ. మందపాటి శాలువా, పాత దుప్పటి సరిగ్గా సరిపోతాయి.

తెల్లగుడ్డలో ఉత్త తెలుపు ఎక్కడా ఉండదు. ట్యూబు తెలుపు ఒక అట్టముక్క మీద రాసి ప్రింటు పక్కన పెట్టండి, ఆ 'తెల్లగుడ్డ' నిజానికి ఎంత మట్టిరంగో తెలుస్తుంది. ఉత్త తెలుపును చివరి రోజుకు దాచుకోండి. నుదుటి మీద ఒకటి, గుడ్డ మడత మీద ఒకటి, పుర్రె మీద బహుశా ఒకటి. అంతే.

అంచులు పోగొట్టడం

మొదట చెప్పిన సంగతి ఇక్కడే తేలుతుంది. బొమ్మ చుట్టూ కంటితో నడవండి. నుదుటి అంచు, పుర్రె వెలుగు వైపు, చెయ్యి పైభాగం, ఇవి పదునుగా ఉండాలి. వీపు, వస్త్రం కింద భాగం, తల వెనక వైపు, బల్ల కాళ్లు చీకట్లో కరిగిపోవాలి. ఆ చోట్ల నేపథ్యపు రంగునే వస్త్రంలోకి, వస్త్రం నీడను నేపథ్యంలోకి తడిగా ఉండగానే పొడికుంచెతో అడ్డంగా లాగండి. చెయ్యి ఒప్పుకోదు, ఒక సన్నగీత పెట్టి చూపిద్దామంటుంది. పెట్టకండి. చూసేవాడి కన్ను దాన్ని పూర్తి చేసుకుంటుంది.

నేపథ్యానికి ఉత్త ఐవరీ బ్లాక్ వాడితే గుడ్డకు చిల్లు పడినట్టు ఉంటుంది. బర్న్ట్ అంబర్, నలుపు, కొసరు క్రిమ్సన్ కలపండి. పల్చగా రెండు పొరలు. నలుపు ఎక్కువైన మందపు పొర నెలల తరబడి ఆరదు, ఆరాక ముడతలు పడుతుంది.

ఆరిన చీకటి అక్కడక్కడ వెలిసినట్టు, మెరుపు పోయి కనిపిస్తే రంగు తప్పలేదు, నూనె కింద పొరలోకి దిగిందంతే. లిన్‌సీడ్ ఆయిల్ ఒక చుక్క వేలితో రాసి, మిగిలింది గుడ్డతో తుడిచేయండి. అసలు ముదురు తిరిగొస్తుంది. దాని మీదే తర్వాతి పొర వేసుకోవచ్చు. ప్రతి పై పొరలో నూనె కింద పొర కంటే కాస్త ఎక్కువ ఉండాలి, తిరగేస్తే పగుళ్లు వస్తాయి.

మన వాతావరణంలో

గంజాం తీరంలో వానాకాలం తేమకు నూనె రంగు ఆరడమంటే టెన్షనే. శీతాకాలంలో రెండు మూడు రోజుల్లో ఆరే అంబర్ పొర జూలైలో వారం తీసుకుంటుంది. వర్మిలియన్, క్రిమ్సన్, నలుపు ఇంకా ఆలస్యం. అంబర్‌లలో మాంగనీసు ఉంటుంది కాబట్టి అవి అన్నిటికంటే ముందు ఆరతాయి, అందుకే మొదటి పొరకు వాటినే వాడమన్నాను. వీలైతే అక్టోబరు చివర మొదలుపెట్టి ఫిబ్రవరికి ముగించండి. కోరాపుట్ వైపు కొండల మీద పొద్దున్న మంచు ఉంటుంది, గుడ్డను కిటికీ పక్కన రాత్రంతా వదలకండి. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందని గంటల తరబడి బయట పెట్టే అలవాటు కూడా మంచిది కాదు, పైన తొక్క కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. గాలి తగిలే నీడలో ఉంచి, బొమ్మ గోడకు ఆనకుండా వెనక రెండు చెక్కముక్కలు పెట్టండి. లేకపోతే వానల్లో వెనకవైపు బూజు పడుతుంది. తేమకు గుడ్డ వదులైతే మూలల్లో చెక్క మేకులను కొంచెం లోపలికి కొడితే బిగుస్తుంది.

వార్నిష్ ఆరునెలల తర్వాత. వెనక పెన్సిల్‌తో 'కారవాజ్జో చిత్రానికి నకలు' అని, మీ పేరు, సంవత్సరం రాయండి. ముందువైపు ఆయన సంతకం గీయడం నకలు కాదు, మోసం.

ఖల్లికోట ఆర్ట్ కాలేజీకో, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్‌కో చూపించడానికి తీసుకెళ్లాలంటే ముందు ఫోటో తీసుకోండి. బొమ్మకు రెండు పక్కలా 45 డిగ్రీల్లో రెండు దీపాలు పెడితే చీకటి మీద మెరుపు మచ్చ పడదు, ఫ్లాష్ వద్దు. అసలు బొమ్మే మోసుకెళ్లేట్టయితే, అంతే సైజు ఖాళీ స్ట్రెచర్‌ను దాని మొహానికి ఎదురుగా పెట్టి, నాలుగు మూలల్లో సీసా బిరడా ముక్కలు అడ్డం పెట్టి, తాడుతో కట్టి, పైన ప్లాస్టిక్ షీటు చుట్టండి. రైల్లో పై బెర్త్ మీద పెట్టకండి. కింద సీటు పక్కన నిలబెట్టి, కాళ్లు తగలకుండా మీరే అటువైపు కూర్చోండి.